ఒక తీగ - పెక్కు గొంతులు

టెలిఫోను తీగ ఒక్కటియే వచ్చి, దానిపై ఆధారపడు యంత్రములు మూడు నాలుగైనపుడు, వాని నడుమ ఒక చిన్న పెట్టెను అమర్చు వాడుక కొంతకాలము క్రిందటివరకు మన కార్యాలయములలోను, దుకాణములలోను ఉండెడిది. వెలుపలినుండి వచ్చు తీగ ఆ పెట్టెలో ప్రవేశించును. రెండవ వైపున టెలిఫోనునకు ఒక రంధ్రము, ఫ్యాక్సు యంత్రమునకు మరొకటి, కంప్యూటరును తీగతో కలుపు మోడెమునకు ఇంకొకటి యుండును. చూచుటకు అది అరచేతి వెడల్పు మాత్రమే. కాని దాని పని సులభమైనది కాదు. వాడకంతకు ఒకటే బావి యున్నచోట, చేదలు ఒకదానికొకటి తగులకుండ, వరుస తప్పకుండ చూచు పెద్దమనిషి చేయు పని యెట్టిదో, ఆ పెట్టె చేయు పని అట్టిది.

ఒక తీగను పలువురు పంచుకొనవలసి వచ్చినపుడెల్ల మూడు ప్రశ్నలు పుట్టును. ముందుగా ఎవరికి అందవలెను? ఒకరు మాటలాడుచుండగా మరొకరు వినవచ్చునా? అందరును ఒక్కమారే వచ్చిపడినచో గతి యేమి? ఈ మూడింటికి ఆయా కాలములందు మానవుడు చెప్పుకొన్న సమాధానములే టెలిఫోను చరిత్రలో సగపాలని చెప్పవచ్చును. ఆ చరిత్రను సూరతు నగరమున బ్రదుకుచున్న తెలుగువారి దృష్టితో ఒకమారు పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సూరతునకును మన తెలుగు నేలకును గల సంబంధము నూలుపోగు సంబంధము. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున అడుగుపెట్టిరి. 1613లో మొగలు చక్రవర్తి అనుమతితో సూరతున వర్తకస్థానమును నెలకొల్పుకొనిరి. ఒకటి కృష్ణానది కడలిలో కలియుచోటికి చేరువ. మరొకటి తపతీనది తీరమున. ఒకటి తూర్పు వాకిలి, మరొకటి పడమటి వాకిలి. రెండింటను బేరము బట్టలదే. ఈ రెండు రేవుల నడుమ ఉత్తరములను కాలినడక వార్తాహరులు దక్కను పీఠభూమిని అడ్డముగా దాటి మోసికొనిపోవుచుండిరి. 1666లో సూరతున దిగిన ఫ్రెంచి యాత్రికుడు తేవెనో గోలకొండ మీదుగా మచిలీపట్టణము వరకు ప్రయాణము సాగించెను. ఆనాటి మార్గము ఒకటే. ఆ మార్గమున పోవలసిన కబుర్లు అనేకము. వార్తాహరుని సంచి నిండువరకు వేచియుండుట, తొందరపని గలవారు ప్రత్యేకముగా మనిషిని పంపుట, ఉత్తరముపై లక్కముద్ర వేయుట - ఇవన్నియు మనము పైన చెప్పుకొన్న ప్రశ్నలకు ఆనాటి సమాధానములే.

ఇరువదవ శతాబ్దమున ఈ పడమటి దారినే మరియొక జనము పట్టినది. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ జిల్లాలనుండి పద్మశాలీ కుటుంబములు మగ్గమును నమ్ముకొని షోలాపురము, భీవండి, బొంబాయి, సూరతు నగరములకు వలసపోయినవి. సూరతులో లింబాయతు ప్రాంతమున నేటికిని తెలుగు మాట వీథులలో వినవచ్చును. ఈ నగరపాలక సంస్థ నడపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమపు పాఠశాలలును ఉన్నవనిన, ఆ వలస ఎంతటిదో పాఠకులు ఊహింపగలరు. వరంగల్లునుండి భుసావలు, జలగాముల మీదుగా తపతీలోయ మార్గమున వచ్చు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబములకు ఇంటి గుమ్మమువంటిది. మనిషిని మోయుటకు రైలున్నది. మాటను మోయుటకు కావలసినది తీగ. ఆ తీగ ఏనాడును అందరికి చాలినంత లేదు. మన కథ అచ్చటనే ఆరంభమగుచున్నది.

తీగ చాలకపోవుట అనునది టెలిఫోనుకంటె పాత కష్టము. తంతి వార్తలు వచ్చిన తొలినాళ్లలో ఒక తీగపై ఒకమారు ఒక వార్త మాత్రమే పోగలిగెడిది. స్తంభములు పాతి, తీగ లాగుటకు అగు ఖర్చు మిక్కుటము. ఉన్న తీగనే పలువిధముల వాడుకొనుట ఎట్లా యని పండితులు తలలు పగులగొట్టుకొనిరి. 1853లో ఆస్ట్రియా దేశీయుడగు గింట్ల్ ఒకే తీగపై రెండు దిక్కులనుండి ఒక్కమారే వార్తలు పంపు ఉపాయమును కనుగొనెను. 1874లో ఎడిసన్ దానిని రెట్టించి, దిక్కునకు రెండు చొప్పున నాలుగు వార్తలు పంపునట్లు చేసెను. అదే సంవత్సరమున ఫ్రాన్సు దేశపు బోదో మరియొక మార్గము త్రొక్కెను. తీగను క్షణకాలము ఒకనికి, మరుక్షణము ఇంకొకనికి ఇచ్చుచు, చక్రమువలె వంతులు త్రిప్పు యంత్రమును అతడు నిర్మించెను. వంతులు మిక్కిలి వేగముగా తిరుగుటచే ప్రతివాడును తీగ తనదే యని తలచును. ఈ వంతుల ఉపాయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వ్యాసాంతమున దీనితో మరల పని పడును.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ మొదట పూనుకొన్నదియు ఈ పనియే. వీణతంత్రులు వేరువేరు శ్రుతులలో మ్రోగునట్లు, వేరువేరు శ్రుతులలో కంపించు లోహపు రేకుల సహాయమున ఒకే తీగపై పలు తంతి వార్తలను పంపవలెనని అతని సంకల్పము. అతనికి ధనసహాయము చేసినవారు ఆశించినదియు అదియే. 1875 జూను 2వ తేదీన ఒక రేకు బిగుసుకొనిపోగా, సహాయకుడు వాట్సను దానిని మీటెను. ఆ ధ్వని తీగ రెండవ కొసన ఉన్న బెల్ చెవికి సోకెను. శ్రుతి మాత్రమే కాదు, ధ్వనియొక్క స్వరూపమంతయు తీగపై పోగలదని అతనికి అప్పుడు స్ఫురించినది. 1876 మార్చి 7వ తేదీన పేటెంటు లభించినది. ఆ నెల 10వ తేదీన తీగపై తొలిసారిగా మనిషి మాట స్పష్టముగా వినబడినది. ఆ పేటెంటునకు పెట్టిన పేరు తంతి విధానమున ఒక అభివృద్ధి అనునది మాత్రమే! తీగను పంచుకొను ప్రయత్నములోనే టెలిఫోను పుట్టినదని దీనివలన తెలియుచున్నది.

పుట్టిన మరుక్షణమే టెలిఫోనునకు ఆ పాత కష్టమే ఎదురైనది. పదిమంది చందాదారులు ఒకరితోనొకరు మాటలాడవలెనన్న ప్రతి ఇద్దరి మధ్య ఒక తీగ చొప్పున నలుబదియైదు తీగలు కావలెను. నూరుమందికి నాలుగువేల తొమ్మిదివందల ఏబది! ఇది జరుగు పని కాదు. అందుచేత ప్రతి ఇంటినుండి ఒక్క తీగ మాత్రమే ఒక చోటికి తెచ్చి, అచ్చట ఒక మనిషిని కూర్చుండబెట్టి, అడిగినవారిని అడిగినవారితో కలుపు పద్ధతి వచ్చినది. అదే ఎక్స్ఛేంజి. వ్యాపారరీతిని నడచిన మొదటి ఎక్స్ఛేంజి 1878 జనవరి 28వ తేదీన అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున తెరువబడినది. దానికి చందాదారులు ఇరువది యొక్కరు. సరిగా నాలుగేండ్లకు, 1882 జనవరి 28న, ఓరియంటల్ టెలిఫోను కంపెనీవారి ఎక్స్ఛేంజి కలకత్తాలో తొంబదిమూడుగురు చందాదారులతో ఆరంభమైనది. బొంబాయి, మద్రాసు, అహమ్మదాబాదు నగరములకును ఆ కంపెనీవారికి అనుమతి లభించియుండెను.

ఎక్స్ఛేంజివలన తీగ కరవు కొంత తీరినది కాని మన రెండవ ప్రశ్న పెద్దదైనది. నడుమ కూర్చున్న మనిషి ఎవరి మాటనైనను వినగలదు. ఎవరినైనను ఎవరితోనైనను కలుపగలదు. అమెరికాలోని కాన్సాస్ నగరమున స్ట్రోజర్ అను అంత్యక్రియల వ్యాపారి యుండెను. తన కొరకు వచ్చు పిలుపులను ఎక్స్ఛేంజిలోని ఆమె ప్రత్యర్థి దుకాణమునకు మళ్లించుచున్నదని అతడు అనుమానించెననియు, ఆ కసితో మనిషి లేని ఎక్స్ఛేంజిని కనుగొనెననియు ప్రసిద్ధమైన కథ. కథ మాట ఎట్లున్నను, 1891 మార్చి 10న అతనికి పేటెంటు లభించినది నిజము. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రపు లాపోర్ట్ పట్టణమున ఆ పద్ధతిపై తొలి ఎక్స్ఛేంజి వచ్చినది. మన దేశమున మొదటి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వెలసినది.

ఇక మూడవ ప్రశ్న. అందరును ఒక్కమారే వచ్చిపడినచో ఏమి చేయవలెను? ఈ ప్రశ్నను గణితశాస్త్రమునకు అప్పగించినవాడు డెన్మార్కు దేశీయుడగు ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేయుచు అతడు 1909లోను, 1917లోను ప్రకటించిన వ్యాసములు నేటికిని ప్రమాణములు. వాని సారమును ఒక ఉదాహరణముతో చెప్పవచ్చును. ఒక కార్యాలయమున నూరుగురున్నారనుకొందము. రద్దీ గంటలో ఒక్కొక్కరు సగటున మూడు నిమిషములు వెలుపలివారితో మాటలాడుదురు. నూరుగురికి నూరు తీగలు అక్కరలేదు. పది తీగలున్న చాలును. నూరు పిలుపులలో ఇంచుమించు రెండు మాత్రమే తీగ దొరకక తిరిగిపోవును. కాని ఏదేని ఆపద వచ్చి, ప్రతివాడును మూడు నిమిషములకు బదులు తొమ్మిది నిమిషములు మాటలాడబూనెనేని, ఆ పది తీగలపైననే నూటికి నలుబదియొక్క పిలుపులు భంగపడును. రద్దీ మూడింతలైనచో భంగము ఇరువదింతలు దాటినది! పంచుకొను సొత్తు నియమమునకు లోబడినంతవరకు పుష్కలముగా కనబడును. నియమము తప్పిననాడు అకస్మాత్తుగా ఇంకిపోవును. సూరతు చరిత్రలో ఈ గణితము ఎట్లు పనికివచ్చునో ముందు చూతము.

ఎక్స్ఛేంజి లేకుండ, ఒకే తీగకు అనేక టెలిఫోనులు తగిలించు పద్ధతియు ఒకటి కలదు. అమెరికా పల్లెపట్టులలో నాలుగైదు ఇండ్లు, ఒక్కొక్కచోట పది యిండ్లును, ఒకే తీగపై ఉండెడివి. ఒక ఇంటికి ఒక పొడుగు గంట, ఇంకొక ఇంటికి రెండు పొట్టి గంటలు - ఇట్లు గుర్తులుండెడివి. గంట ఎవరిదైనను రిసీవరెత్తి వినుట ఇరుగుపొరుగు అమ్మలక్కలకు కాలక్షేపము. ఆ పద్ధతి అచ్చట క్రమముగా అంతరించినది. కాని సూరతు రైల్వే స్టేషనుమీదుగా పోవు ప్రతి ప్రయాణికుని ప్రాణమును అటువంటి తీగయే కాపాడుచు వచ్చినదని ఎందరికి తెలియును?

రైల్వేలో దానిని కంట్రోలు ఫోను అందురు. ఒక సెక్షనులోని స్టేషనులన్నియు ఒకే తీగ జతపై కోయబడిన పూసలవలె నుండును. ఆ తీగ మొదట సెక్షను కంట్రోలరు కూర్చుండును. అతడు ఒక స్టేషనును పిలువవలెనన్న దాని గుర్తును పంపును. ఆ స్టేషనులో మాత్రమే గంట మ్రోగును. స్టేషను మాస్టరు మాటలాడవలెనన్న గంటతో పనిలేదు; రిసీవరెత్తి, మరెవరును మాటలాడుచుండుట లేదని విని, తన స్టేషను పేరు చెప్పిన చాలును. కంట్రోలరు చెవి ఎల్లప్పుడు తీగమీదనే యుండును. ఫలానా బండి ఫలానా నిమిషమునకు దాటినది యని అతడు చెప్పగా, కంట్రోలరు తన ముందున్న చార్టుపై గీత గీయును.

ఇచ్చట మన ప్రశ్నలకు సమాధానములు తలక్రిందులైనవి. ఒకరి మాట మరొకరు వినుట ఇంటి టెలిఫోనులో దోషము. కంట్రోలు తీగపై అది గుణము. ముందు స్టేషనువాడు చెప్పినది వెనుక స్టేషనువాడు వినుటచే రాబోవు బండికి సిద్ధపడును. వంతు నిర్ణయించుటకు యంత్రము లేదు, క్రమశిక్షణయే యంత్రము. ఊరక కబుర్లాడువానికి ఆ తీగపై చోటులేదు. 1860లో బొంబాయి-బరోడా రైల్వేవారు తపతికి ఉత్తరపుటొడ్డున ఉన్న ఉత్రాణమునుండి అంకలేశ్వరమునకు తొలిబండిని నడపిరి. 1864లో బొంబాయితో సంబంధము కలిసినది. నాటినుండి నేటివరకు ఈ మార్గమున బండ్లు ఎంత పెరిగినను, ఒక తీగను పదిమంది మర్యాదగా పంచుకొనుట అను సూత్రము మారలేదు.

మనవంటి కార్యాలయోద్యోగులకు బాగుగా పరిచితమైనది ఇంకొక సాధనము: కార్యాలయపు ప్రైవేటు బోర్డు. పాతకాలపు బోర్డుపై ఒక్కొక్క తీగకు ఒక్కొక్క చిన్న రేకు తలుపుండెడిది. పిలుపు రాగానే ఆ తలుపు టక్కున క్రిందికి పడును. ఆపరేటరు త్రాడుకొసనున్న ప్లగ్గును దాని రంధ్రమున గ్రుచ్చి, ఎవరు కావలెనని అడుగును. కోరిన అధికారి తీగను కలుపుటకు ముందు, రెండవ ప్లగ్గు మొనతో ఆ రంధ్రపు అంచును తాకి చూచును. చెవిలో టిక్కుమని శబ్దమైనచో ఆ తీగపై ఎవరో యున్నారన్నమాట. లోపలివారి సంభాషణలో జొరబడకుండ, వినకుండ, తీగ ఖాళీయా కాదా యని మాత్రమే తెలిసికొను ఉపాయమిది. తలుపు తట్టకుండ లోపలికి తొంగిచూడరాదను మర్యాదను ఒక లోహపు మొనకు నేర్పిన ఆ పనివాని తెలివి మెచ్చదగినది. తరువాత వచ్చిన స్వయంచాలక బోర్డులలో త్రాళ్లు పోయినవి. వెలుపలి తీగకై సున్నయో తొమ్మిదియో త్రిప్పుట మిగిలినది. పై అధికారికిని, ఆయన ఆంతరంగిక సహాయకునకును నడుమ ఒకే తీగను అటునిటు మార్చు మీట మాత్రము బహుకాలము నిలిచినది. ఆ మీటను ఎప్పుడు త్రిప్పవలెనో తెలిసిన సహాయకుడు కార్యాలయమునకు భూషణముగా నెన్నబడెడివాడు.

కార్యాలయముల మాట యట్లుండ, సామాన్యునకు తీగ దొరకుట ఎట్లు? స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమంతటను టెలిఫోనులు ఇంచుమించు ఎనుబదివేలు మాత్రమే. అటుపిమ్మట పెరిగినను కోరువారి సంఖ్య అంతకంటె వేగముగా పెరిగినది. దరఖాస్తు పెట్టి ఏండ్ల తరబడి వేచియుండుట మధ్యతరగతి జీవితమున ఒక భాగమైనది. ఆ దినములలో పుట్టినదే పి.పి. నంబరను ఆచారము. తనకు టెలిఫోను లేనివాడు పొరుగువారి నంబరును తన చిరునామా కాగితముపై అచ్చువేయించి, ప్రక్కన పి.పి. అని రెండక్షరములు చేర్చెడివాడు. పిలుపు రాగానే పొరుగింటి పిల్లవాడు పరుగెత్తుకొని వచ్చి, మీకు ఫోను అని కేకవేయును. ఒక తీగను పది కుటుంబములకు పంచిపెట్టిన ఆ యంత్రముయొక్క పేరు ఇరుగుపొరుగు!

దూరపు ఊళ్లకు ట్రంకు కాలు బుక్కుచేయవలసి యుండెడిది. సాధారణము, అర్జెంటు, లైట్నింగు అని అందు తరగతులు. అర్జెంటునకు రెట్టింపు రుసుము, లైట్నింగునకు ఎనిమిదింతలు. ఎవరికి ముందు అను ప్రశ్నకు ఇచ్చట సమాధానము చెప్పినది రూపాయి. లెక్క మూడేసి నిమిషములకు కట్టబడుటచే, మూడవ నిమిషము ముగియుచున్నదనగా గొంతు గబగబ మాటలను తోసెడిది. 1960లో లక్నో-కాన్పూరు నగరముల మధ్య చందాదారుడు స్వయముగా దూరపు నంబరును త్రిప్పుకొను సౌకర్యము మొదలయ్యెను. కాని అది పల్లెలను, పేటలను చేరుటకు పాతిక యేండ్లు పట్టినది. 1984లో సి-డాట్ సంస్థ స్థాపింపబడి, మన వేసవికి, మన దుమ్మునకు తట్టుకొను చిన్న ఎక్స్ఛేంజిలను నిర్మించిన తరువాతనే వీథివీథిని పసుపుపచ్చని అక్షరములతో ఎస్.టి.డి. బూతులు వెలసినవి.

1990వ దశకమున సూరతులోని మగ్గపు కార్మికునకు ఇంటితో సంబంధమనగా ఆ బూతే. రాత్రి పదునొకండు గంటలు దాటిన తరువాత దూరపు పిలుపులకు నాల్గవవంతు రుసుము. అందుచే బూతులముందు రాత్రులందు వరుసలు పెరిగెడివి. ఎదుట గోడపై ఎఱ్ఱని అంకెలు రూపాయిలను లెక్కించుచుండును. వెనుక పదిమంది నిలిచియుందురు. ఇచ్చట లింబాయతు బూతులో ఒకరు. అచ్చట తెలంగాణపు పల్లెలో, టెలిఫోను గల ఇంటి వసారాలో, ముందే కబురంది వచ్చి కూర్చున్న తల్లియో భార్యయో. రెండు కొసలందును తీగ పరులదే. రెండు కొసలందును వినువారున్నారు. కావున మాట కుదించుకొనవలసివచ్చెడిది. డబ్బు పంపితిని, అందినదా, బాబుకు జ్వరము తగ్గినదా, బతుకమ్మ పండుగకు వచ్చెదను - ఇంతవరకే. చెప్పవలసిన అసలు మాట నాలుక చివరనే నిలిచిపోయెడిది. తీగను పంచుకొనుటలో మిగిలిన లాభమునకు ఈ పేదలు చెల్లించిన మూల్యము అదియని గుర్తింపవలెను. వరుసలో నిలిచిన వాని ఓపిక, రుసుము చాలనివానికి రేపు ఇమ్మన్న బూతువాని దయ, కేకవేయవచ్చిన పొరుగు పిల్లవాని పరుగు - ఇవియు లేనిచో ఆ తీగ ఉండియు లేనట్లే.

అదే దశకమున వస్త్రవ్యాపారులకు, కార్యాలయములకు మరియొక చిక్కు వచ్చినది. బట్ట నమూనా, ధరల పట్టిక, బేరపు కాగితము ఫ్యాక్సుపై పోవసాగెను. కాని రెండవ తీగ దొరకదు. టెలిఫోనును, ఫ్యాక్సును ఊరక ఒకే తీగకు జంటగా కలిపినచో ఫ్యాక్సు సగము వచ్చుచుండగా ఎవరో టెలిఫోను ఎత్తుదురు. కాగితముపై గీతలు తప్ప మిగులదు. అప్పుడు ఉపకరించినది మనము మొదట చెప్పుకొన్న పెట్టె.

దానిని నడపు తీరు ఇది. తీగను పెట్టెకు, యంత్రములను వాని వాని రంధ్రములకు తగిలింపవలెను. ఒక్క యంత్రమైనను పెట్టెను తప్పించి నేరుగా తీగకు తగిలియుండరాదు. ఉన్నచో పెట్టె కాపలా వ్యర్థము. వెలుపలికి పిలుచునపుడు ఎవరు మొదట ఎత్తుదురో తీగ వారిది, తక్కినవి మూగవగును. పిలుపు వచ్చునపుడు పెట్టెయే మొదట బదులు పలికి, కొన్ని క్షణములు చెవియొగ్గును. స్వయముగా పిలుచు ఫ్యాక్సు యంత్రము సెకనుకు 1,100 కంపనముల కూతను అరసెకను కూసి, మూడు సెకనులు ఆగి, మరల కూయును. ఆ కూత వినబడినచో పెట్టె తీగను ఫ్యాక్సునకు ఇచ్చును. వినబడనిచో మనిషి యని తలచి టెలిఫోను గంట మ్రోయించును. ఈలోగా పిలిచినవానికి నిరాశ కలుగకుండ గంట మ్రోగుచున్నట్లు కృత్రిమధ్వనిని తానే వినిపించును. ఇందొక లోపము కలదు. పెట్టె పలికిన క్షణమునుండియే పిలిచినవానికి రుసుము పడును; ఇచ్చట ఎవరును ఎత్తకున్నను పడును. ఎవరు వచ్చిరో తెలిసికొనుటకు తలుపు తీయక తప్పదు కదా!

పెట్టె కాలమును ఎంతో కాలము నిలువలేదు. 2005లో భారత సంచార నిగమువారు పాత రాగి తీగపైననే వేగవంతమైన ఇంటర్నెట్టును అందింపసాగిరి. అప్పుడు వచ్చిన చిన్న విభాజకము ఎవరికిని వంతు చెప్పదు. మనిషి మాట సెకనుకు 3,400 కంపనములలోపున ఇముడును. ఇంటర్నెట్టు సంకేతములు పాతికవేల కంపనములకు పైన పోవును. విభాజకము మందరమును టెలిఫోనునకు, తారమును మోడెమునకు వేరుచేసి యిచ్చును. ఇద్దరును ఒక్కమారే తీగను వాడుకొనవచ్చును. బెల్ 1875లో కన్న శ్రుతుల కల నూటముప్పది యేండ్లకు మన ఇండ్లలో ఫలించినదని చెప్పవచ్చును.

1995 జూలై 31న మన దేశమున మొదటి మొబైలు సంభాషణ కలకత్తా-ఢిల్లీల మధ్య జరిగినది. తరువాత పదేండ్లలో బూతులు మూతపడసాగినవి, పి.పి. అను రెండక్షరముల అర్థము నేటి పిల్లలకు తెలియదు. లింబాయతులోని నేతకార్మికుడు నేడు తన గదిలో కూర్చుండి, తల్లి ముఖము చూచుచు మాటలాడగలడు. నాలుక చివర ఆగిన మాటకు త్రోవ దొరకినది. ఇది చిన్న లాభము కాదు. పంచుకొనుటయందలి మాధుర్యమును తలచుకొని పాత దినములే మేలని నిట్టూర్చువారు, ఆ వరుసలో తాము నిలువలేదేమో యని సందేహము కలుగుచున్నది.

అయినను పంచుకొనుట అంతరించలేదు, కంటికి మరుగైనది. జి.ఎస్.ఎం. పద్ధతి మొబైలులో ఒక్క రేడియో మార్గమును ఎనిమిదిమంది వంతులవారీగా వాడుదురు. ఆ వంతుల చక్రము సెకనుకు రెండువందల సారులకు పైగా తిరుగును. బోదో 1874లో చెప్పిన ఉపాయమే ఇది. ప్రతివాడును మార్గము తనదే యనుకొనును. చేతిలోని టెలిఫోను మనదే కావచ్చును. గాలిలోని మార్గము మాత్రము ఇప్పటికిని వాడకంతకు ఒకటే బావి.

ఆ సంగతి ఆపద వచ్చిననాడు బయటపడును. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు వార్త పుట్టగా, లక్షలాది జనులు దినముల వ్యవధిలో నగరమును విడిచిపోయిరి. 2006 ఆగస్టులో ఉకై జలాశయమునుండి విడిచిన నీటితో తపతి పొంగి, నగరమున అధికభాగమును ముంచెత్తినది. అట్టి వేళ ప్రతి ఇంటినుండియు ఒకే ఘడియలో పిలుపులు బయలుదేరుట సహజము. కుశలము తెలియువరకు మాట విడువబుద్ధి కాకపోవుటయు సహజమే. కాని ఎర్లాంగ్ గణితమునకు కన్నీరు తెలియదు. తొమ్మిది నిమిషములు మాటలాడువారు నూరుగురైనచో, మరి నలుబదిమంది తల్లులకు బిడ్డ గొంతు వినబడదు.

పెట్టె వంతు చెప్పగలదు. విభాజకము శ్రుతులను వేరుచేయగలదు. గోపురము సెకనును ముక్కలు చేయగలదు. ఎంత మాటలాడిన చాలునో చెప్పగల యంత్రము ఇంతవరకు పుట్టలేదు. ఆ నిర్ణయము కంట్రోలు తీగపై స్టేషను మాస్టరునకువలె నేటికిని మాటలాడువాని చేతనే యున్నది. వరద వచ్చిననాడు, క్షేమముగా నున్నాము అని ఒక్క ముక్క చెప్పి తీగ విడుచువాడు, తన వెనుక వరుసలో తనకు కనబడని మరొకనికి చోటిచ్చుచున్నాడు. బూతులముందు రాత్రులందు నిలిచిన మన నేతన్నలకు ఎవరును నేర్పకుండనే తెలిసిన పాఠమిది.